పుల్లమ్మ పేరున్న రేకు

సమూయేలు తాతగారు మళ్ళీ రెండక్షరాల దగ్గరే ఆగిపోయారు.

నల్లటి తెర మీద ఎడంచేతి పై మూల ఎల్, ఐ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. అంతే. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. రూబీ కుర్చీలో వెనక్కి వాలి కాసేపు చూసింది. ఎంతసేపు చూసినా మూడో అక్షరం రాదని ఆమెకి తెలుసు, పొద్దుట్నుంచీ అదే చూస్తోంది మరి. అయినా చూసింది. చివరికి స్విచ్చి ఆపేసి, కొంగుతో మెడ తుడుచుకుని, కుర్చీ పక్క డబ్బా ముందుకి జరుపుకుంది.

సమూయేలు గారు పోయి చాన్నాళ్ళయింది. ఆయన పేరున్నది డబ్బా మీద. రేపల్లె చర్చి బడికి ఆ ఏడు పది పాత కంప్యూటర్లు దానంగా వచ్చాయి. మన వాళ్ళకి అదో పద్ధతి గదా, ఫ్యాన్ ఇస్తే రెక్క మీద పేరు రాయిస్తారు, బల్ల ఇస్తే వీపు మీద రాయిస్తారు. ఫ్యాన్ తిరిగితే పేరు కనపడదని ఎవరికీ తట్టదు. అలాగే ఈ పదింటికీ పక్క రేకుల మీద ఎర్ర పెయింటుతో "ప్రభువునందు నిద్రించిన" ఫలానా వారి జ్ఞాపకార్థం అని రాయించారు. రాసినందుకు తగ్గట్టే పదీ నిద్రపోతున్నాయి. వాటిని పిలవడానికి వేరే గుర్తేమీ లేక రూబీ ఆ పేర్లతోనే పిలుచుకుంటోంది. సారమ్మ గారు సీడీని ఇటు తిప్పి అటు తిప్పి చదవలేనంటారు. దానియేలు గారు పెట్టిన ప్రతిసారీ తారీఖుతో సహా అన్నీ మర్చిపోతారు, లోపల బ్యాటరీ చచ్చిపోయింది. రత్నం మాస్టారి హార్డ్ డిస్కు లోపల ఎవరో వేలితో తలుపు కొడుతున్నట్టు టకటకలాడుతుంది.

ఇదంతా ఆదివారానికి తేలాలి. ఆ రోజు ఆరాధన అయ్యాక దాతల కూడిక. బాపట్ల నుంచి కమిటీ సెక్రటరీ దేవసహాయం గారు ఫోన్ చేసి, కంప్యూటర్లు వెలిగితే టీచర్ పోస్టు వచ్చే ఏడాదికి ఉంటుందనీ, లేకపోతే గది మూసేద్దామనీ చెప్పారు. హెడ్మాస్టర్ లూకా గారు ఆ మాటని కాస్తయినా మెత్తబరచకుండా తెచ్చి రూబీకి అందించారు. రూబీది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఇంట్లో పొయ్యి దాని మీదే వెలుగుతోంది, తల్లి మందులు దాని మీదే నడుస్తున్నాయి.

దేవసహాయం గారి గురించి చెడు చెప్పకూడదు. బాపట్లలో ఎవరో ప్రైవేటు ఆఫీసు వాళ్ళు తీసిపారేస్తుంటే ఆ పది మిషన్లూ బేరం చేసింది ఆయనే. చర్చిలో కాస్త కలిగిన ఇళ్ళన్నీ తిరిగి, మీ నాన్న పేరున ఒకటి, మీ అమ్మ పేరున ఒకటి అని ఒప్పించిందీ ఆయనే. తొమ్మిది అలా కుదిరాయి. పదోది పాలెం ఆడవాళ్ళు ఇచ్చారు. పూటపూటా ఎసట్లో పొయ్యబోయే ముందు పిడికెడు బియ్యం తీసి కుండలో వేసి, కుండలన్నీ ఏడాదికోసారి చర్చి దగ్గర పోసి అమ్ముతారు వాళ్ళు. ఆ ఏటి బియ్యం పుల్లమ్మ పేరున కంప్యూటర్ అయింది. పుల్లమ్మంటే పాలెంలో పిల్లల్ని కూలికి పోనివ్వకుండా రెక్క పట్టుకుని బడికి లాక్కొచ్చిన మనిషి. అలా లాక్కొచ్చినవాళ్ళలో రూబీ కూడా ఉంది.

మరి అందరూ వాడే విండోస్ వేసుకోవచ్చు గదా అంటే, అది కొనే స్తోమత బడికి లేదు, దొంగ సీడీ వెయ్యడానికి దేవసహాయం గారు ఒప్పుకోలేదు. దేవుడి బడిలో దొంగ సొత్తు వద్దమ్మా అన్నారు. అందుకని లినక్స్. అదైతే ఊరికే ఇస్తారు, ఎవరైనా వేసుకోవచ్చు. వేసుకోవచ్చు సరే, పడాలి కదా. పాత మిషను సీడీ నుంచి లేవదు. ముందు ఫ్లాపీతో లేపాలి. ఫ్లాపీ లేపితే సీడీ చదవదు. సీడీ చదివితే మెమరీ చాలదంటుంది. అన్నీ కుదిరి లోపలికి ఎక్కిందనుకుని మళ్ళీ పెడితే ఎల్, ఐ.

గురువారం బడికి సెలవు పెట్టి, సమూయేలు గారి డిస్కు తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకుని, రూబీ తెనాలి పాసింజర్ ఎక్కింది. భట్టిప్రోలు, వేమూరు దాటేదాకా సంచి ఒళ్ళోంచి దించలేదు. పక్కనావిడ అందులో ఏదో గాజుసామాను ఉందనుకుని, జాగ్రత్తగా ఎడంగా జరిగి కూర్చుంది.

బోసు రోడ్డు సందులో దత్తు కొట్టు. అతను రిపేర్లు చేస్తాడు. కొట్టు నిండా పొట్ట విప్పిన డబ్బాలు. రూబీ చెప్పింది చెప్పినట్టు విన్నాడు, మధ్యలో రెండుసార్లు నవ్వాడు. సమూయేలు గారు ఆగిపోయారు, సారమ్మ గారు చదవట్లేదు అంటుంటే ఎవరికి మాత్రం నవ్వు రాదు. డిస్కు పెట్టి చూసి నవ్వు ఆపేశాడు.

"అక్కా, ఇవి కంప్యూటర్లు కావు. పాత ఇనుము. ఎవరు కొనిపెట్టారో గానీ నీ గొంతు కోశారు."

రూబీ మొహం చూసి దత్తుకే మనసు కరిగింది. డిస్కు పెద్దది, బోర్డు దానికన్నా ముసలిది, అంత దూరం చూడలేదు, అందుకే లినక్స్‌ని లేపే ప్రోగ్రాం తన నాలుగక్షరాల పేరులో సగం చెప్పి ఆగిపోతోందన్నాడు. డిస్కు మొదట్లోనే చిన్న ముక్క విడిగా కట్టి, లేపే సామానంతా అందులో పెట్టమన్నాడు. కొత్త సీడీలు ఈ మిషన్లు మొయ్యలేవని అటక మీంచి అట్టపెట్టె దించి, ఎప్పుడో ఏదో పత్రికతో పాటు వచ్చిన పాత సీడీ ఏరి ఇచ్చాడు. రెండు కొత్త ఫ్లాపీలు రాసిచ్చాడు. మెమరీ ముక్కలు ఒంటిగా పెడితే లాభం లేదనీ, ఎడ్లజతలాగా ఒకే రకానివి రెండేసి పెట్టాలనీ, బొమ్మల తెర రావాలంటే పెద్దవి నాలుగు ఉండాలనీ చెప్పాడు.

"పదింటి సంగతీ మర్చిపో. అన్నీ విప్పి, బతికున్న ముక్కలన్నీ ఒక్కదాంట్లో వెయ్యి. ఒక్కటి లేస్తే నీ అదృష్టం."

తిరుగు బండిలో రూబీ ఆ మాటే ఆలోచించింది. వేరే దారి లేదని తెలుస్తూనే ఉంది. కాకపోతే ఎవరి డబ్బాలోంచి తీసి ఎవరి డబ్బాలో వెయ్యాలి?

శుక్రవారం పొద్దున్నే లూకా గారిని అడిగింది. ఆయన పిల్లల కాంపోజిషన్లు దిద్దుతూ తలెత్తకుండా, నన్నడక్కమ్మా, ఆదివారానికి వెలగాలి, అదొక్కటే నాకు తెలుసు అన్నారు. అంటే ఒప్పుకున్నట్టూ కాదు, వద్దన్నట్టూ కాదు. తర్వాత ఏమైనా అయితే ఆయన మీదికి రాదు. ఆయన ముప్పయ్యేళ్ళుగా హెడ్మాస్టర్ ఉద్యోగం చేస్తున్నది ఆ విద్యతోనే.

రూబీ గది తలుపు దగ్గరకి వేసి పది డబ్బాలకీ రేకులు విప్పింది. రేకులన్నీ పేర్లు పైకి కనపడేలా గోడకి వరసగా చేరేసింది. లోపల బాపట్ల దుమ్ము, ఒకదాంట్లో బల్లి గుడ్లు. పెయింటు బ్రష్షుతో దులిపింది. పిల్లల రబ్బరుతో మెమరీ ముక్కల పళ్ళు రుద్దింది. ఒక్కో జతా పెట్టడం, మీట నొక్కడం, కీచుమంటుందా లేదా వినడం. కీచుకీచుమని మూడుసార్లు అరిస్తే ఆ ముక్క చచ్చినట్టు. మధ్యాహ్నం కరెంటు పోతే వచ్చేదాకా విసనకర్రతో విసురుకుంటూ కూర్చుంది, మళ్ళీ మొదలుపెట్టింది. సాయంత్రానికి లెక్క తేలింది. పెద్ద మెమరీ ముక్కలు నాలుగే బతికున్నాయి. ఒక జత సమూయేలు గారిది, ఒక జత రత్నం మాస్టారిది. సీడీ చదివే పెట్టె బాగున్నది రత్నం మాస్టారి దాంట్లోనే. బోర్డులన్నిట్లో పెట్టిన తారీఖు గుర్తుంచుకుంటున్నదీ, నాలుగు ముక్కలనీ ఒప్పుకుంటున్నదీ ఒక్కటే. డిస్కుల్లో చప్పుడు చెయ్యనిదీ ఆ డబ్బాలోదే. ఆ డబ్బా పుల్లమ్మది.

రూబీ ఎంచుకుని చేసింది కాదది. కానీ తెలిశాక మాత్రం లోపల ఎక్కడో చల్లగా అనిపించింది, ఆ మాట దాచుకోవడం దేనికి.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలు వెళ్ళిపోయాక పెట్టింది. ఫ్లాపీ గరగరమంది, లేచింది. సీడీ తిరిగింది. డిస్కు మొదట్లో దత్తు చెప్పిన చిన్న ముక్క కట్టింది, మిగతాది రెండుగా కోసింది. మెమరీ చాలదన్న మాట ఈసారి రాలేదు. నీలం తెర మీద తెల్ల గీత ఒకటి నత్తలాగా కదలడం మొదలుపెట్టింది. ఆ గీత అటు చివరికి చేరేలోగా కరెంటు పోతే మళ్ళీ మొదటికే. రూబీ కుర్చీ అంచున కూర్చుని చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ప్రార్థన చేసిందా అంటే చేసింది, కానీ దేవుడికా, కరెంటాఫీసుకా అని అడిగితే చెప్పలేదు. గీత సగంలో చాలాసేపు ఆగింది. ఆగిపోయిందనే అనుకుంది. సీడీ పెట్టె మూత మీద వేలితో మెల్లిగా తట్టింది. కదిలింది.

అయిందనగానే ఫ్లాపీ తీసేసి మిషను ఆపి మళ్ళీ పెట్టింది. ఎల్. ఐ. రూబీ తెర మీదికి వంగింది. ఎల్. ఓ. ఆ తర్వాత వరసలు వరసలుగా తెల్ల అక్షరాలు కిందినుంచి పైకి పరిగెత్తాయి. కాసేపటికి బొమ్మల తెర వచ్చి, దాని మధ్యలో బాణం గుర్తు నిలబడింది. రూబీ ఎలుకని, అదే మౌసుని, జరిపితే బాణం జరిగింది. ఒక్కతే ఖాళీ గదిలో పైకి నవ్వేసింది.

నవ్వు ఆపుకోలేక ఇంటికి పోతూ పాలెం మీదుగా వెళ్ళింది. ఆడవాళ్ళ సమాజానికి పెద్ద కమలమ్మ వాకిట్లో చేట పట్టుకుని ఉంది. రూబీ సంగతంతా చెప్పింది. పదీ పాడేననీ, ఒక్కటే లేచిందనీ, ఆ లేచింది పుల్లమ్మదేననీ. మిగతావాటి ముక్కలు తీసి అందులో వేశానని కూడా దాచకుండా చెప్పింది. కమలమ్మకి ముక్కల సంగతి పట్టలేదు.

"పుల్లమ్మ అంతేలే అమ్మాయ్. చచ్చినా ఊరుకోదు" అని నవ్వి, చేట పక్కన పెట్టి, నాలుగిళ్ళవతల దాకా వినపడేలా సమాజంలోని చంద్రకళని కేకేసి పిలిచింది, ఈ సంగతి చెప్పడానికి.

ఆదివారం దేవసహాయం గారు ఆరాధనకి చాలా ముందే కారులో వచ్చేశారు. తొంభైకి దగ్గర పడిన తల్లిని వెంటబెట్టుకొచ్చారు. ఆవిడని పాస్టరు గారింట్లో కూర్చోబెట్టి, లూకా గారితో కలిసి కంప్యూటర్ల గదికి వచ్చారు. పది డబ్బాలకీ రేకులు బిగించి, మానిటర్లకి చేమంతి దండలు వేసి ఉన్నాయి. ఒక్క తెర మాత్రం వెలుగుతోంది. ఆయన దాని ముందు నిలబడి రెండు చేతులూ జోడించి, ఒక్కటైనా చాలు, మొత్తానికి సాధించావమ్మా అన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత వంగి పక్క రేకు చదివారు.

మా నాన్నగారిది ఏదమ్మా అని అడిగారు. రూబీ గోడవారగా ఉన్న రత్నం మాస్టారిది చూపించింది. అదెందుకు వెలగలేదంటే చెప్పింది, డిస్కు పోయిందనీ, అందులో పనికొచ్చిన మెమరీ, సీడీ పెట్టె తీసి ఇందులో వేశాననీ. ఆయన తల ఊపుతూ శ్రద్ధగా విన్నారు. లెక్కల మనిషి కాబట్టి తొందరగానే అర్థం చేసుకున్నారు.

"అమ్మా, పేరు ఈ పక్క రేకు మీదేగా ఉంది?"

"అవునండి."

"రేకులన్నీ ఒకటే కొలతా?"

రూబీకి అర్థమైంది. అర్థం కానట్టు నిలబడదామని చూసింది గానీ, మొహం అబద్ధం చెప్పదు. ఆయన గొంతు తగ్గించి, మా అమ్మ వచ్చిందమ్మా, వచ్చే ఏడాదికి ఉంటుందో ఉండదో, నాన్నగారి పేరున్నది వెలుగుతుంటే కళ్ళారా చూడాలని పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు అన్నారు. లోపల నాన్నగారి సామాను కూడా ఉందని నువ్వే అన్నావు గదా, అలాంటప్పుడది అబద్ధమెలా అవుతుంది అన్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. దానితోనే వచ్చింది చిక్కు.

"మరి పాలెం వాళ్ళండీ?" అంది రూబీ.

"వాళ్ళేమీ అనుకోరులే అమ్మా. మంచివాళ్ళు." ఆయన జేబురుమాలుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఇవాళ భోజనాలయ్యాక కమిటీ కూర్చుంటుంది. నీ పోస్టు సంగతి ముందే తేల్చేద్దాం."

నిన్ననే వాళ్ళకి చెప్పేశానండీ అన్న మాట రూబీ గొంతులోకి వచ్చింది. లూకా గారి వంక చూసింది. ఆయన కిటికీలోంచి షామియానా కడుతున్నవాళ్ళని చూస్తున్నారు, తాడు సరిగ్గా లాగుతున్నారో లేదోనన్నట్టు. ఎవరైనా వద్దంటే బాగుండుననిపించింది. వద్దనడానికి గదిలో ఉన్నది ముగ్గురే, అందులో ఇద్దరు అనరు.

స్క్రూడ్రైవర్ ఆమె చేతిలోనే ఉంది. మిషను ఆపలేదు. ఆపితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. అది నడుస్తుండగానే మరలు విప్పి, పుల్లమ్మ పేరున్న రేకు వెనక్కి జరిపి తీసింది. రత్నం మాస్టారి రేకు తెచ్చి బిగించింది. ఒక్క పిసరు కూడా తేడా లేకుండా సరిపోయింది. పుల్లమ్మ రేకు తీసుకెళ్ళి, టకటకలాడే డిస్కున్న ఖాళీ డబ్బాకి బిగించింది. దేవసహాయం గారు దండ తిన్నగా సర్దారు. దేవుడు నిన్ను దీవిస్తాడమ్మా అన్నారు.

ఆరాధన అయ్యాక పాస్టరు గారు ప్రార్థన చేశారు. దాతలు ఎవరి డబ్బా దగ్గర వాళ్ళు నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. వెలగనివాటికి త్వరలో సామాను వస్తుందని లూకా గారు అందరికీ చెప్పారు, ఎక్కడినుంచి వస్తుందో ఎవరూ అడగలేదు. దేవసహాయం గారి తల్లిని ఇద్దరు పట్టుకుని తీసుకొచ్చారు. రూబీ తెర మీద ఎర్ర గీతలతో ఒక ఇంటి బొమ్మ గీసి చూపించింది. ముసలావిడ రేకు మీద భర్త పేరుని వేళ్ళతో తడిమి ఏడ్చింది. అవి దొంగ కన్నీళ్ళని ఎవరూ అనలేరు. రూబీ ఆవిడ వంక చూడలేక ఎలుక తీగ సర్దుకుంటూ ఉండిపోయింది.

పాలెం ఆడవాళ్ళు అందరి తర్వాత, పెద్దవాళ్ళు టీలకి వెళ్ళాక లోపలికొచ్చారు. అందరూ ఉతికి గంజి పెట్టిన తెల్ల చీరల్లో ఉన్నారు. కమలమ్మ ముందు నడిచింది. వెతుక్కోకుండా తిన్నగా వెలుగుతున్న తెర దగ్గరికే వచ్చింది, మిగతావాళ్ళని చెయ్యూపి దగ్గరికి పిలుస్తూ. వచ్చి పక్కకి వంగి చదివింది. కమలమ్మకి చదువొచ్చు, చిన్నప్పుడు పుల్లమ్మ దగ్గరే నేర్చుకుంది. ఒకసారి చదివి, కళ్ళు చికిలించి మళ్ళీ చదివింది. తర్వాత గోడవారగా చూసింది. అక్కడ కనపడింది పుల్లమ్మ పేరు, నల్లటి తెర కింద, మెడలో దండతో.

అప్పుడు రూబీ వంక చూసింది. రూబీ తల దించుకుంది.

వెనకాల చంద్రకళ, ఏదీ మనది, వెలుగుతుందన్నావుగా అని అడుగుతోంది.

"నిన్న వెలిగిందంట. పొద్దునే ఆగిపోయిందంట" అంది కమలమ్మ. ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "పాతది గదా."

ఒకావిడ గొణిగింది, అన్నాళ్ళు బియ్యం తీసి ఆఖరికి చచ్చిందాన్ని కొన్నామా, పుల్లమ్మకి ఎంత పేరు తెచ్చామే అని. ఇంకొకావిడ డబ్బా మీద దుమ్ము కొంగుతో తుడిచింది. కమలమ్మ వాళ్ళనక్కడ ఎక్కువసేపు నిలవనివ్వలేదు.

"పదండి పదండి, టీ చల్లారిద్ది."

వాళ్ళు బయటికి నడిచాక రూబీ వరండాలోకి పరిగెత్తినట్టు వచ్చింది. కమలమ్మ చెప్పులు వేసుకుంటోంది, మిగతావాళ్ళు షామియానా దాకా వెళ్ళిపోయారు.

"అత్తా, నేను..."

"నీ ఉద్యోగం ఉంటదన్నారా?"

రూబీ అవునన్నట్టు తలూపింది.

"కాయితమిచ్చారా, నోటిమాటా?"

"నోటిమాటే."

కమలమ్మ రెండో చెప్పులో కాలు దూర్చి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. ఆమె మొహంలో కోపం లేదు. కోపముంటే రూబీ ఏదో ఒకటి సర్దిచెప్పుకునేది.

"కాయితం రాయించుకో అమ్మాయ్. రేకు మార్చినోళ్ళకి మాట మార్చడం ఎంతసేపు."

వాళ్ళు మార్చలేదత్తా, నేనే మార్చాను, ఈ చేత్తోనే అని చెప్పాలి. చెప్పడానికి రూబీ నోరు తెరిచింది కూడా. కమలమ్మ ఆమె భుజం మీద ఓసారి చెయ్యి వేసి, మీ అమ్మకి ఒంట్లో ఎలా ఉందని అడిగింది. బాగానే ఉందత్తా అంది రూబీ.

లోపల్నుంచి దేవసహాయం గారు ఆమెని పేరు పెట్టి పిలుస్తున్నారు, ఇంకో ఫొటో తీయాలట. రూబీ లోపలికి వెళ్ళి వెలుగుతున్న తెర పక్కన నిలబడింది.